క్యాంపర్ వ్యాన్‌లో ఫ్రిజ్ రాత్రిపూట ఆగిపోతోందా? కొత్త బ్యాటరీ కొనేముందు ఈ కొలతలు తీయండి

టెంపో ట్రావెలర్‌నో, పాత వింగర్‌నో క్యాంపర్‌గా కట్టించుకున్నవాళ్లు చెప్పే బాధ దాదాపు ఒకేలా ఉంటుంది. పగలంతా ఫ్రిజ్ బాగానే నడుస్తుంది. రాత్రి ఎప్పుడో ఆగిపోతుంది. పొద్దున్నే చూస్తే పాలు విరిగి ఉంటాయి, బ్యాటరీ మీద మాత్రం ఇంకా 12.2 వోల్టులు కనిపిస్తూ ఉంటుంది. షాపుకి తీసుకెళ్తే "బ్యాటరీ అయిపోయింది సార్, మార్చేయండి" అంటారు. మారుస్తారు. కొన్నాళ్లు బాగుంటుంది, మళ్లీ మొదటికొస్తుంది.

ఆ కొన్నాళ్లు ఎందుకు బాగుంటుందంటే, కొత్త బ్యాటరీ వోల్టేజీ కాస్త ఎక్కువగా నిలబడుతుంది కాబట్టి దారిలో పోయే నష్టం పైకి కనిపించదు. అసలు లోపం చాలాసార్లు బ్యాటరీకీ ఫ్రిజ్‌కీ మధ్య ఉన్న అయిదారు మీటర్ల దారిలో ఉంటుంది. సన్న వైరు, వదులైన లగ్గు (వైరు చివర నొక్కి పెట్టే లోహపు కన్ను), పెయింట్ మీదే బిగించిన బాడీ ఎర్త్ (నెగెటివ్‌ని బండి లోహపు బాడీకి కలిపే చోటు), లైటర్ సాకెట్. కాబట్టి మొదటి కొలత ఎప్పుడూ ఫ్రిజ్ దగ్గరే, అదీ కంప్రెసర్ తిరుగుతుండగా తీయాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

చేతిలో ఉండాల్సినవి

మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. దానితోపాటు డీసీ క్లాంప్ మీటర్ (వైరు విప్పకుండా, చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచేది) ఉంటే సగం పని తగ్గుతుంది. కొనేటప్పుడు ఒకటి గమనించండి: బజార్లో చవగ్గా దొరికే క్లాంపులు చాలావరకు ఏసీ ఆంప్స్ మాత్రమే కొలుస్తాయి, డీసీ ఆంప్స్ ఉందో లేదో డయల్ మీద చూసి తీసుకోండి. రెండు చివర్లా మొసలి క్లిప్పులు పెట్టిన ఆరు మీటర్ల వైరు ముక్క ఒకటి కావాలి. నీళ్లు పోసే బ్యాటరీ అయితే, లోపలి యాసిడ్ సాంద్రత చూసే హైడ్రోమీటర్.

ఉంగరాలు, వాచీ తీసేయండి. 12 వోల్టులు షాక్ కొట్టవు గానీ స్పానర్ రెండు టెర్మినళ్లకీ తగిలితే అది ఎర్రగా కాలిపోతుంది. విప్పేటప్పుడు ముందు నెగెటివ్, బిగించేటప్పుడు చివర నెగెటివ్. ఛార్జ్ అవుతున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ వాయువు ఉంటుంది, అక్కడ సిగరెట్ వెలిగించొద్దు. సోలార్ ఉంటే ప్యానెల్ వైరుని ముందు కంట్రోలర్ (ప్యానెల్‌కీ బ్యాటరీకీ మధ్య ఉండే పెట్టె) నుంచి విడదీసి, ఆ తర్వాతే బ్యాటరీ విప్పండి.

మొదట: మీ ఫ్రిజ్ ఏ రకం?

మూడు రకాలు ఎదురవుతాయి, ఒక్కోదాని లెక్క ఒక్కో తీరు.

12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు సుమారు 4 నుంచి 5 ఆంప్స్ లాగుతుంది. ఆగుతూ నడుస్తూ ఉంటుంది. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే.

ఇంట్లో వాడే 230 వోల్టుల ఫ్రిజ్‌ని ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. ఇందులో ఫ్రిజ్ కంటే ఇన్వర్టర్ సంగతి ముందు చూడాలి. ఫ్రిజ్ ఆగి ఉన్నప్పుడు కూడా ఇన్వర్టర్ తన కోసం తాను 10 నుంచి 20 వాట్లు తింటూనే ఉంటుంది. 15 వాట్లు అనుకుంటే రోజుకి 30 ఆంపియర్ అవర్లు (ఒక ఆంప్ చొప్పున గంటసేపు లాగితే ఒక ఆంపియర్ అవర్), చల్లదనం లేకుండానే ఖర్చు. పైగా కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో మామూలుకి ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కి వెళ్లే కేబుల్ సన్నగా ఉంటే ఆ క్షణంలోనే వోల్టేజీ కూలిపోయి 'లో బ్యాటరీ' అని అరుస్తుంది.

మూడోది గ్యాస్, 12 వోల్టులు, ఇంటి కరెంటు మూడింటి మీదా నడిచే అబ్జార్ప్షన్ ఫ్రిజ్. ఇక్కడ అరుదు. అమెరికాలో పాత ఆర్‌వీలు (అక్కడి క్యాంపర్ బండ్లు) కొన్న మనవాళ్లకి తగులుతుంది. 12 వోల్టుల మీద పెడితే ఇది 10 ఆంప్స్ పైన లాగగలదు. బండి నడుస్తున్నప్పుడు వాడుకోవడానికే ఆ ఏర్పాటు. ఆపాక గ్యాస్ మీదకి మార్చాలి. రాత్రంతా బ్యాటరీ మీద వదిలేస్తే తెల్లారేసరికి ఖాళీ అవడంలో వింతేమీ లేదు, రిపేరు చేయడానికీ ఏమీ లేదు.

రెండు: ఫ్రిజ్ తానే చెప్పేది వినండి

చాలా 12 వోల్టుల ఫ్రిజ్‌లలో సెకాప్ కంపెనీ కంప్రెసర్ ఉంటుంది. పాతవాటి మీద డాన్‌ఫాస్ అని ఉంటుంది. బీడీ35, బీడీ50 అనే మోడళ్లు చాలా వాడకంలో ఉన్నాయి. కంప్రెసర్ పక్కనే ఉండే కంట్రోల్ యూనిట్‌కి చిన్న ఎల్‌ఈడీ ఉంటే, తప్పు వచ్చినప్పుడు అది లెక్కగా మెరుస్తుంది. ఒక మెరుపు అంటే వోల్టేజీ తక్కువై ఆగింది. రెండు అంటే ఫ్యాన్ ఎక్కువ కరెంటు లాగుతోంది. మూడు అంటే మోటారు స్టార్ట్ కాలేకపోయింది. నాలుగు అంటే వేగం అందుకోలేకపోయింది. అయిదు అంటే కంట్రోల్ యూనిట్ వేడెక్కింది. ఇంకో రకం కంప్రెసర్ ఉన్న పోర్టబుల్ ఫ్రిజ్‌లు అయితే తెర మీద ఎర్రర్ కోడ్ చూపిస్తాయి, దాని అర్థం ఆ ఫ్రిజ్ మాన్యువల్‌లోనే చూడాలి.

ఒక మెరుపు కనిపిస్తే ఈ సంగతి అర్థం చేసుకోండి. ఆ యూనిట్ ఫ్యాక్టరీ సెట్టింగ్ ప్రకారం తన దగ్గర వోల్టేజీ 10.4కి పడితే ఆగుతుంది, 11.7కి లేస్తే మళ్లీ మొదలవుతుంది. తన దగ్గర అన్న మాట ముఖ్యం. కంప్రెసర్ ఆగగానే వైరులో కరెంటు ప్రవాహం ఉండదు, కాబట్టి నష్టమూ ఉండదు, వోల్టేజీ మళ్లీ 12 దాటుతుంది. అది చూసి మళ్లీ స్టార్ట్ అవుతుంది. లోడ్ పడగానే మళ్లీ పడిపోయి ఆగుతుంది. రాత్రంతా టక్కున మొదలై టక్కున ఆగే ఫ్రిజ్ ఇదే. ఆగిన తర్వాత మీటరు పెట్టి చూసేవాళ్లకి అంతా మామూలుగానే కనిపిస్తుంది. మోసం జరిగేది అక్కడే.

మూడు: తిరుగుతుండగా రెండు చోట్లా కొలవండి

ఇంజను ఆపండి. సోలార్ తీసేయండి. ఫ్రిజ్ టెంపరేచర్ బాగా తగ్గించి కంప్రెసర్ తిరిగేలా చేయండి. అది తిరుగుతుండగానే బ్యాటరీ టెర్మినళ్ల మీద ఒక రీడింగ్, ఫ్రిజ్ వెనక వైరు దిగే చోట ఒక రీడింగ్ తీయండి. రెండింటికీ తేడా 0.4 వోల్టుల లోపు ఉంటే వైరింగ్‌ని వదిలేసి అయిదో అడుగుకి వెళ్లండి. అంతకు మించితే ఇక్కడే ఉండండి.

బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌లో ఒక మిత్రుడి వ్యాన్‌కి వచ్చిన రీడింగులు చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. కంప్రెసర్ తిరుగుతోంది, క్లాంప్ మీద 5 ఆంప్స్. బ్యాటరీ టెర్మినళ్ల మీద 12.1. ఫ్రిజ్ దగ్గర 10.5. దారిలో 1.6 వోల్టులు మాయం. అంత ఉంటే బ్యాటరీ ఇంకాస్త దిగగానే ఫ్రిజ్ ఆగక తప్పదు.

ఇప్పుడు ఆ 1.6 ఎక్కడెక్కడ పోతోందో విడగొట్టాలి. మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లోనే ఉంచి, ఒక ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ మీద, ఇంకోటి పొడవు వైరు సాయంతో ఫ్రిజ్ పాజిటివ్ మీద పెట్టండి. కనిపించే అంకె నేరుగా పాజిటివ్ వైపు నష్టం. ఆ బండికి 0.9 వచ్చింది. అలాగే నెగెటివ్ నుంచి నెగెటివ్‌కి పెడితే 0.7. తర్వాత ఒక్కో కీలు దగ్గరికి వెళ్లండి: ఫ్యూజు హోల్డర్ ఇటూ అటూ, స్విచ్ ఇటూ అటూ, సాకెట్ ఇటూ అటూ. ఫ్యూజు హోల్డర్‌లో 0.2, లైటర్ సాకెట్‌లో 0.4, పాజిటివ్ వైరులో 0.3, నెగెటివ్ వైరులో 0.3, బాడీ ఎర్త్ బోల్టు దగ్గర 0.4. మొత్తం సరిపోయింది.

0.4 వోల్టులంటే చిన్నదే అనిపిస్తుంది. 5 ఆంప్స్‌తో గుణిస్తే 2 వాట్ల వేడి, గోలీకాయంత చోట. ఆ సాకెట్ ప్లగ్ తీసి చూస్తే మధ్య పిన్ చుట్టూ ప్లాస్టిక్ పసుపు తిరిగి మెత్తబడి ఉంది. చేత్తో తాకి చూసినా చాలాసార్లు దొరికిపోతుంది: అరగంట నడిచాక ఏ జాయింటు వెచ్చగా ఉందో అదే దొంగ.

నాలుగు: దారి బాగు చేయడం

వైరు మందం దగ్గర పిసినారితనం వద్దు. ఇళ్లకి వాడే 1.5 స్క్వేర్ ఎంఎం వైరుతోనే చాలా బండ్లు కట్టి ఉంటాయి. 230 వోల్టులకి అది సరిపోతుంది, 12కి సరిపోదు. లెక్క సులభం: రాగి వైరు మీటరుకి 0.018ని స్క్వేర్ ఎంఎంతో భాగిస్తే ఓమ్‌లు వస్తాయి. బ్యాటరీ నుంచి ఫ్రిజ్ 5 మీటర్లంటే పోను రాను 10 మీటర్లు. 1.5 వైరులో 0.12 ఓమ్, 5 ఆంప్స్ దగ్గర 0.6 వోల్టుల నష్టం. 6 స్క్వేర్ ఎంఎంలో అది 0.15 మాత్రమే. సెకాప్ కంపెనీ తన బీడీ కంప్రెసర్లకి ఇచ్చిన కొలతలు 12 వోల్టుల దగ్గర ఇలా ఉంటాయి: బ్యాటరీ నుంచి కంట్రోల్ యూనిట్ దాకా 2.5 మీటర్ల దూరానికి 2.5 స్క్వేర్ ఎంఎం, 4 మీటర్లకి 4, 6 మీటర్లకి 6, 10 మీటర్లకి 10. ఎంత దూరమో అంత మందం, గుర్తుపెట్టుకోవడం తేలిక. పాజిటివ్, నెగెటివ్ రెండూ ఇదే మందం.

నెగెటివ్‌కి బాడీ ఎర్త్ నమ్ముకోకుండా వేరే వైరే లాగండి. తప్పనిసరై బాడీకే ఇవ్వాల్సి వస్తే పెయింట్ గీకి, లోహం మెరిసేదాకా రుద్ది, బోల్టు బిగించి, పైన గ్రీజో పెట్రోలియం జెల్లీయో పూయండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది చేయకపోతే ఒక్క సీజన్‌లోనే పచ్చ పూత పట్టేస్తుంది.

లైటర్ సాకెట్ తీసి పారేయండి. కుదుపులకి వదులవడానికే పుట్టింది అది. దాని బదులు యాండర్సన్ కనెక్టర్ (గట్టిగా పట్టుకునే ప్లగ్ జత) పెట్టండి, లేదా నేరుగా టెర్మినల్‌కి లగ్గు వేసి బిగించండి. లగ్గుల్ని కటింగ్ ప్లయర్‌తో నొక్కి ఊరుకోకూడదు, క్రింపింగ్ టూల్‌తోనే నొక్కాలి. మీ దగ్గర టూల్ లేకపోతే ఎలక్ట్రికల్ షాపులో వాళ్లే నొక్కి ఇస్తారు. మెలిపెట్టి టేపు చుట్టిన జాయింటు ఒక్కటి కూడా మిగలకూడదు. ఎండకి టేపు జిగురు కారిపోయి, ఆరు నెలల్లో లోపల రాగి నల్లబడుతుంది.

ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్‌కి వీలైనంత దగ్గర, జానెడు దూరంలో ఉండాలి. ఫ్యూజు ఉన్నది వైరు కాలకుండా. ఫ్రిజ్ పక్కన పెడితే బ్యాటరీ నుంచి అక్కడిదాకా ఉన్న వైరుకి రక్షణే లేదు. బీడీ కంప్రెసర్‌కి 12 వోల్టుల దగ్గర 15 ఆంప్స్ ఫ్యూజు. మాటిమాటికీ కాలిపోతోందని 30 వేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి.

పని అయ్యాక మూడో అడుగు మళ్లీ చేయండి. సూర్యలంక బండికి 6 స్క్వేర్ ఎంఎం లాగి, సాకెట్ తీసేశాక మొత్తం తేడా 0.2కి వచ్చింది. అదే బ్యాటరీ.

అయిదు: ఇప్పుడు బ్యాటరీని అనుమానించండి

అన్ని లోడ్లూ, ఛార్జింగూ తీసేసి కనీసం రెండు మూడు గంటలు వదిలి వోల్టేజీ చూడండి. లెడ్ యాసిడ్‌కి 12.65 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.45 ముప్పావు, 12.24 సగం, 12.06 పావు, 11.9 అంటే ఖాళీ. మొదట్లో చెప్పిన 12.2 అంటే సగం ఇప్పటికే అయిపోయిందన్నమాట. సగం కంటే దిగువకి తరచూ దించితే ప్లేట్ల మీద సల్ఫేట్ పేరుకుని బ్యాటరీ ఆయుష్షు తరిగిపోతుంది.

నీళ్ల బ్యాటరీకి ఆరు సెల్స్‌నీ హైడ్రోమీటర్‌తో చూడండి. అయిదు ఒకేలా ఉండి ఒకటి బాగా కింద ఉంటే ఆ సెల్ పోయింది. డిస్టిల్డ్ వాటర్ పోసి ఛార్జ్ చేసినా లేవకపోతే ఇక మార్చడమే.

కెపాసిటీ ఎంత మిగిలిందో చూడటానికి షాపులో పెట్టే లోడ్ టెస్టర్ సరిపోదు. అది సెల్ఫ్ కొట్టే బలాన్ని చూస్తుంది, రాత్రంతా నిలబడే ఓపికని కాదు. ఇలా చేయండి: నిండుగా ఛార్జ్ చేసి 60 వాట్ల హెడ్‌లైట్ బల్బు పెట్టండి, అది దాదాపు 5 ఆంప్స్. 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ అయితే పది గంటలకి సగం ఖర్చవ్వాలి. బల్బు తీసి, రెండు గంటలు ఆగి చూస్తే 12.2 చుట్టుపక్కల ఉండాలి. 11.9 కనిపించిందంటే డబ్బా మీద 100 అని రాసి ఉన్నా లోపల 50 మాత్రమే మిగిలింది. బల్బు బాగా వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కి దూరంగా పెట్టండి.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి ఈ వోల్టేజీ లెక్కలు పనికిరావు. చాలాసేపు 13 పైనే కదలకుండా ఉండి, చివర్లో ఒక్కసారిగా పడుతుంది. లోపలి బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) కట్ చేస్తే టెర్మినళ్ల మీద దాదాపు ఏమీ కనిపించదు. దీనికి షంట్ (వచ్చే పోయే కరెంటుని లెక్కపెట్టే భాగం) ఉన్న బ్యాటరీ మానిటర్ పెట్టుకోవడమే దారి.

ఆరు: నిండుతోందా అసలు?

ఇంజను నడుపుతూ రెండు బ్యాటరీల మీదా, అంటే ఇంజను స్టార్ట్ చేసే బండి బ్యాటరీ మీదా, ఫ్రిజ్‌ని నడిపే వెనక బ్యాటరీ మీదా కొలవండి. బండి బ్యాటరీ మీద 14.2 ఉండి, వెనక బ్యాటరీ మీద 13.3 మాత్రమే ఉంటే ఆ రెండింటి మధ్య వైరుకి కూడా పైన చెప్పిన జబ్బే. లెడ్ యాసిడ్ నిండాలంటే సుమారు 14.4 దగ్గర గంటల తరబడి ఉండాలి. చివరి అయిదో వంతు మరీ నెమ్మదిగా ఎక్కుతుంది. రెండు గంటల ప్రయాణంతో నిండిపోయిందనుకోవడం భ్రమ.

రెండింటినీ కలిపే ఆటోమేటిక్ రిలే సాధారణంగా 13.3 దగ్గర కలిసి, 12.8 దగ్గర విడిపోతుంది. ఇంజను ఆపిన గంట తర్వాత రెండు బ్యాటరీలూ ఒకే అంకె చూపిస్తే, ఫ్రిజ్ నడిచే కొద్దీ రెండూ కలిసే దిగుతుంటే, రిలే అతుక్కుపోయింది. పొద్దున సెల్ఫ్ తిరగకపోవడానికి కారణం అదే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణం) బండ్లలో కొన్నింటికి ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరిగి ఛార్జ్ చేసే డైనమో) వోల్టేజీని బండి కంప్యూటరే తగ్గిస్తుంది. అలాంటి వాటికి మామూలు రిలే కుదరదు, డీసీ నుంచి డీసీ ఛార్జర్ కావాలి. లిథియం అయితే ఏ బండికైనా అదే మంచిది.

సోలార్ విషయంలో ఆశలు తగ్గించుకోండి. టాపు మీద పడుకోబెట్టిన 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకి 25 ఆంపియర్ అవర్లు ఇస్తే సంతోషించాలి. క్యారియర్ నీడ ఒక మూల పడినా అందులో చాలా పోతుంది. చిన్న కంట్రోలర్ల లోడ్ టెర్మినళ్లకి ఫ్రిజ్ ఇవ్వకండి, స్టార్టింగ్ కరెంటుకి అవి తట్టుకోలేవు.

ఏడు: ఫ్రిజ్ ఆపినా దిగిపోతుంటే

ఫ్రిజ్ స్విచ్ ఆపి, అన్ని లైట్లూ ఆర్పి, తలుపులన్నీ మూసి అరగంట ఆగండి. బండి కంప్యూటర్లు నిద్రపోవడానికి ఆ టైం కావాలి. వెనక బ్యాటరీ నెగెటివ్ వైరుకి క్లాంప్ పెట్టండి. క్లాంప్ లేకపోతే నెగెటివ్ విప్పి, మల్టీమీటర్‌ని 10 ఆంప్స్ రంధ్రంలో పెట్టి మధ్యలో కలపండి. అలా కలిపి ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టినా, ఇన్వర్టర్ ఆన్ చేసినా మీటరు ఫ్యూజు పోతుంది.

0.05 ఆంప్స్ లోపు ఉంటే మామూలే. అర ఆంప్ ఉందంటే రోజుకి 12 ఆంపియర్ అవర్లు. రెండు వారాలు షెడ్డులో పెడితే 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ కూడా ఖాళీ. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ అంకె ఎప్పుడు పడుతుందో చూడండి. నా అనుమానితుల జాబితాలో మొదటిది స్టాండ్‌బైలో ఉన్న ఇన్వర్టర్. తర్వాత నీలం లైటు వెలిగే యూఎస్‌బీ సాకెట్లు, మ్యూజిక్ సిస్టమ్, డాష్ కెమెరా, స్విచ్ వేసి మర్చిపోయిన వాటర్ పంపు. పసుపు ప్లేటు బండైతే ముందు బ్యాటరీ మీద ట్రాకర్ కూడా ఉంటుంది, దాన్ని మాత్రం పీకకండి.

ఎనిమిది: ఏ తప్పూ దొరక్కపోతే

అప్పుడు లెక్క వేయాలి. ఫ్రిజ్ 4.5 ఆంప్స్, రోజులో నలభై శాతం సేపు తిరిగితే 43 ఆంపియర్ అవర్లు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 44 డిగ్రీల ఎండలో డెబ్బై శాతం సేపు తిరుగుతుంది: 75. వంద ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్‌లో సురక్షితంగా వాడుకోగలిగేది 50. ఇందులో ఏ వైరూ చెడలేదు, కూడిక కుదరలేదంతే.

బ్యాటరీ పెంచేముందు ఖర్చు తగ్గించండి. ప్లైవుడ్ అరలో ఫ్రిజ్‌ని బిగించేసి గాలి దారి వదలని పని చాలా బండ్లలో చూస్తాం. కంప్రెసర్ వదిలిన వేడిగాలినే అది మళ్లీ పీల్చుకుంటుంది. అర కింద ఒక జాలీ, పైన ఒక జాలీ పెట్టి, వీలైతే చిన్న కంప్యూటర్ ఫ్యాన్ బిగించండి. తలుపు రబ్బరు మధ్య కాగితం పెట్టి లాగితే బిగువుగా రావాలి. బయల్దేరే ముందు రోజే ఇంటి కరెంటు మీద చల్లబెట్టి, సరుకు కూడా చల్లటిదే సర్దండి. బండి నడుస్తున్నంతసేపూ 2 డిగ్రీల మీద ఉంచి, ఆపాక రాత్రికి 5కి పెంచండి.

పోర్టబుల్ ఫ్రిజ్‌లలో బ్యాటరీ ప్రొటెక్షన్‌కి హై, మీడియం, లో అని మూడు సెట్టింగులు ఉంటాయి. బండి బ్యాటరీకే తగిలించి ఉంటే హై, విడిగా లెడ్ యాసిడ్ ఉంటే మీడియం. లో పెడితే ఎర్రర్ రాదు, అందుకే చాలామంది అదే పెట్టేసి సమస్య పోయిందనుకుంటారు, ఆ వెనకే బ్యాటరీ అడుగంటుతుంది. వైరింగ్ బాగుచేసి తేడా 0.4 లోపుకి తెచ్చాక మీడియంలో ఒక రాత్రి నడిపి చూడండి. అప్పుడు కూడా ఆగిపోతే అది బ్యాటరీ నిజంగా అయిపోయిందని ఫ్రిజ్ చెబుతున్న మాట, ఇక షాపుకి వెళ్లవచ్చు.